బండి చూసినందుకు డబ్బులు తీసుకుంటాం, పార్టు మాత్రం అనుమానంతో మార్చం

మా షెడ్డుకు పాత బండ్లు తెచ్చేవాళ్లందరికీ ఒక మాట. ఈ నెల నుంచి బండికి జబ్బేంటో కనుక్కోవడానికి విడిగా డబ్బులు తీసుకుంటాం. ఆ తర్వాత రిపేరు మా దగ్గర చేయించుకున్నా సరే, ఇంకెక్కడైనా చేయించుకున్నా సరే. ఇన్నాళ్లూ "చూడటానికి డబ్బులేంటండీ, పని చేస్తే ఇద్దురుగాని" అంటూ నడిపించాం. వినడానికి మంచితనంలాగే ఉండేది. కానీ మా సంపాదనంతా పార్టు మార్చడంలోనే ఉన్నప్పుడు, అనుమానం వచ్చిన ప్రతి పార్టూ మార్చేయాలనిపిస్తుంది. మార్చేశాం కూడా. కొన్నిసార్లు తగిలేది. తగలనప్పుడు ఆ ఖర్చు మీ నెత్తిన పడేది.

ఇంత హఠాత్తుగా ఈ జ్ఞానోదయం ఎందుకంటే, మేం చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే "టిక్కు"మని ఆగిపోయేది. రెండు మూడు సార్లు కొడితే మూలుగుతూ తిరిగి, ఎలాగో స్టార్టయ్యేది. బ్యాటరీ పోయిందన్నాం, కొత్తది వేశాం. వారం బాగుంది. మళ్లీ అదే వరస. అయితే సెల్ఫ్ మోటారే అన్నాం, అదీ మార్చాం. ఇంకో పది రోజులు నడిచింది. మూడోసారి ఓనరు బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. "ఏమండీ, మార్చడానికి ఇంకా ఏమైనా మిగిలిందా?" అని అడిగారు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ని. ఆయన నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టాను. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. రెండో వైరు ఇంజన్ బ్లాకు మీద, పెయింటు లేని చోట. మా కుర్రాణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. మీటరు 1.6 వోల్టులు చూపించింది. ఎర్తు దారి, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, బాగుంటే అక్కడ 0.2 దాటకూడదు. అంటే బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్లో ఒకటిన్నరకు పైగా సెల్ఫ్ మోటారు దాకా చేరకుండా దారిలోనే ఆవిరైపోతోంది. కింద దూరి చూస్తే, ఇంజన్‌కీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఉంటుంది చూడండి, అది పైకి శుభ్రంగానే కనిపిస్తోంది. బోల్టు విప్పాక తెలిసింది, పట్టీ చివరి లోహపు బిళ్ల కిందంతా ఆకుపచ్చ పొడి. వేలితో కాస్త వంచితే సగం తీగలు పుటుక్కున ఊడొచ్చాయి.

కొత్త పట్టీ వేశాం. బాడీకి ఆనేచోట తుప్పూ పెయింటూ పోయేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాసి మళ్లీ కొలిస్తే 0.1 వచ్చింది. సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంది. ఉన్న సామానంతటిలో చవకైన ముక్క అది. మరి కొత్త బ్యాటరీ వేసినప్పుడు వారం ఎందుకు బాగుందంటే, కొత్తది కాబట్టి ఆ తుప్పును దాటుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చింది, అంతే. మందు రోగానికి కాకుండా నీరసానికి వేసినట్టు.

బ్యాటరీ డబ్బులు, సెల్ఫ్ మోటారు డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చేశాం. ఆయన పాత సెల్ఫ్ మోటారు మాత్రం ఇవ్వలేకపోయాం. అప్పటికే తుక్కులోకి వెళ్లిపోయింది, బంగారంలాంటిది. అందుకే ఇకమీదట విప్పిన ప్రతి పాత పార్టూ కవర్లో పెట్టి మీ డిక్కీలో వేస్తాం. అక్కర్లేదంటే మీరే పారేయండి.

బండి వేడెక్కడం గురించి కూడా మా మీదున్న ఫిర్యాదులు నాకు తెలుసు. "థర్మోస్టాట్ మార్చారు, అయినా ముల్లు పైకి పోతోంది" అన్నవాళ్లు ఒకరు కాదు. (వేడిని బట్టి రేడియేటరుకు నీళ్లు వదిలే వాల్వే థర్మోస్టాట్.) ఇక్కడ మీరు చెప్పే ఒక్క ముక్క మాకు సగం పని తగ్గిస్తుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు వేడెక్కుతోందా, రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడా? ఆగి ఉన్నప్పుడు ముల్లు లేచి, కదలగానే దిగిపోతుంటే గాలి అందట్లేదని అర్థం. ఫ్యాను, దాని రిలే, స్విచ్, లేదా రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము. వేగంలోనే లేస్తుంటే గాలి పుష్కలంగా ఉన్నట్టే, అప్పుడు అందనిది నీళ్లు. రేడియేటరు లోపల పూడిపోయి ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు తినేసి ఉండొచ్చు.

లేదా కింది హోసు. దీని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. రేడియేటరు కింది నుంచి పంపుకు వెళ్లే రబ్బరు గొట్టం అది. పాతబడి మెత్తబడితే పంపు గుంజే గుంజుడికి లోపలికి అణిగిపోతుంది. ఐడిల్‌లో చూస్తే గుండ్రంగా, చక్కగా ఉంటుంది. ఎవరైనా యాక్సిలరేటరు తొక్కి పట్టుకుంటే మీ కళ్లముందే చపాతీలా అయిపోతుంది, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. బానెట్ ఎత్తి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి ఎంతసేపు చూసినా అది దొరకదు. పాత రేడియేటరు మూత వల్ల కూడా ఇలాగే జరుగుతుంది. చల్లబడేటప్పుడు రిజర్వ్ డబ్బాలోంచి నీళ్లను వెనక్కి రానివ్వాల్సిన చిన్న వాల్వు మూతలో ఉంటుంది, అది పట్టేస్తే గొట్టాలు నొక్కుకుపోతాయి. పైగా కూలెంటు, అంటే రేడియేటరు నీళ్లు, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండటానికి ఆ మూత పట్టి ఉంచే ఒత్తిడి కూడా కారణం. స్ప్రింగు వదులైతే మిగతా అన్నీ బాగున్నా బండి పొంగుతుంది. కాబట్టి ఇకనుంచి వేడెక్కే బండి ఏదొచ్చినా ముందు మూతకు, మొత్తం సిస్టానికి చేతి పంపుతో గాలి ఒత్తిడి పెట్టి చూస్తాం. తర్వాతే పానా పట్టుకునేది. మీరు మాత్రం వేడి మీద ఆ మూత తీయకండి.

ఇక చెక్ ఇంజన్ లైటు. చాలామంది ఒక చిన్న స్కానర్ కొనుక్కుని, కోడు చూసుకుని, ఫోన్ చేసి "పీ0171 వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ మార్చేయండి" అంటున్నారు. మేమూ "సరే" అని మార్చిన రోజులున్నాయి. ఆ కోడు సెన్సర్ చెడిందని చెప్పదు. ఇంజన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోందని చెబుతుంది. ఆ సంగతి కనిపెట్టిందే ఆ సెన్సరు. కబురు తెచ్చినవాణ్ని కొట్టినట్టు దాన్ని పీకేస్తే ఎలా? పాత బండ్లలో ఎక్కువసార్లు దొరికేది బీటలు వారిన వాక్యూమ్ గొట్టమో, ఎండిపోయిన మ్యానిఫోల్డ్ గ్యాస్కెటో (గాలి దారి అతుకులో ఉండే పలక). వాటి సందుల్లోంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోకి పొగ ఊది, ఎక్కడి నుంచి బయటికొస్తుందో చూస్తే చాలావరకు పది నిమిషాల్లో తేలిపోతుంది. పెట్రోలు ఒత్తిడి తగ్గినా, ఎయిర్ ఫ్లో మీటరు మురికిపట్టినా అదే కోడు వస్తుంది కాబట్టి అవీ కొలవాలి. మీ దగ్గరున్న స్కానర్‌తో కోడు చూసుకోండి, ఫొటో తీసుకోండి, కానీ తుడిచేసి మాత్రం తీసుకురాకండి. ఆ క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంలో ఉంది అన్న వివరాలు కోడుతోపాటు దాచి ఉంటాయి. తుడిస్తే అవీ పోతాయి. కార్బ్యురేటరు బండ్లవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు, మీకు ఈ తలనొప్పి లేదు, వేరేవి ఉన్నాయి.

పొగ గురించి. "బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి), ఇంజన్ దించాలి" అన్న మాట మా లైనులో చాలా తేలిగ్గా వాడేస్తారు. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ కక్కి ఆగిపోతే, ఎక్కువగా అది వాల్వ్ సీళ్లు గట్టిపడి ఆయిల్ కిందికి జారడం. బండి లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం. ఊహతో పనిలేదు, కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, కొలవొచ్చు. తక్కువ చూపించిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో (ఇంజన్ బ్లాకుకీ పైన హెడ్డుకీ మధ్య పలక). ఈ లెక్క కాగితం మీద రాసి మీ చేతికిస్తాం. ఇంజన్ దించమని మేం చెప్పినా సరే, ఆ కాగితం తీసుకెళ్లి ఇంకొకరికి చూపించుకోండి. మేమేమీ అనుకోం.

కనుక్కోవడానికి డబ్బులు ఎందుకని అడిగేవాళ్లకు ఇంకో ఉదాహరణ. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోయే బండి. మీటరు పెట్టి ఎంత కరెంటు కారుతోందో చూడటం అరనిమిషం పనిలా ఉంటుంది. కానీ ఇంజన్ ఆపిన వెంటనే కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట పట్టొచ్చు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. తలుపు తెరిచి ఉంటే అవి నిద్రపోవు, అందుకని తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి, మూసినట్టు నమ్మించాలి. అన్నీ పడుకున్నాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. దాటితే ఒక్కో ఫ్యూజు దగ్గరా చూసుకుంటూ రావాలి. ఒక బండిలో ఇలా సగం రోజు వెతికితే చివరికి దొరికింది గ్లవ్ బాక్సులో ఆరిపోని చిన్న బల్బు. బల్బు తీసి చేతిలో పెడితే "దీనికేనా ఇంతసేపు?" అన్నారు ఆ బండి ఓనరు. అవునండీ, దీనికే.

మీరు చేయగలిగిన సాయాలు కొన్ని ఉన్నాయి. పొద్దున చల్లటి ఇంజన్‌తో వచ్చే జబ్బయితే ముందురోజు సాయంత్రమే బండి వదిలివెళ్లండి. నడుపుకుంటూ వచ్చేసరికి ఇంజన్ వేడెక్కిపోతుంది, జబ్బు దాక్కుంటుంది. ఆయిల్ కారుతోందని చూపించడానికి వచ్చేముందు ఇంజన్ కడిగించకండి. మర్యాద కోసం కడిగిస్తారని తెలుసు, కానీ ఎక్కడి నుంచి కారుతోందో చెప్పే జాడ ఆ మురికిలోనే ఉంటుంది. బయట కొత్త స్టీరియోనో, అలారమో, ఫాగ్ లైట్లో బిగించుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఎలాగూ వైరింగులో దొరికిపోతారు.

కొన్ని పనులు ఇక చేయం. హెడ్ గ్యాస్కెట్ పోయిన బండిలో లీకేజీ మందు పోసి "ప్రస్తుతానికి నడిపించండి" అని పంపం. అది ఆ చిల్లుతోపాటు హీటరు గొట్టాలనూ పూడ్చేయొచ్చు. చాసిస్ తుప్పు పట్టి స్క్రూడ్రైవరు దిగిపోతుంటే పైన పుట్టీ పెట్టి పెయింటు కొట్టం. బ్రేకు హోసు లోపల ఉబ్బి చక్రం పట్టేస్తుంటే ప్యాడ్లు మాత్రం మార్చి పంపం. క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) మీద బ్రేకు ఆయిల్ వదిలే చిన్న స్క్రూ వదులు చేయగానే చక్రం తేలిగ్గా తిరిగితే, లోపం క్యాలిపర్‌లో కాదు హోసు వైపే ఉందని మీకే చూపిస్తాం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియని బండికి ముందు బెల్టు, తర్వాతే మిగతా ఏదైనా. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అంటారు. రబ్బరుకు కిలోమీటర్ల కన్నా ఏళ్లే బరువు.

చివరగా, "సాయంత్రానికి రెడీ" అనే మాట. మేం చెప్పిన అబద్ధాల్లో పెద్దది ఇదే. తుప్పుపట్టిన బోల్టు విరగదని, దొరుకుతుందనుకున్న పార్టు సరైనదే వస్తుందని నమ్ముకుని చెప్పేవాళ్లం. ఇప్పుడు రెండు తేదీలు చెబుతాం. ఏం జబ్బో ఎప్పటికి తేలుస్తామన్నది ఒకటి, మీరు ఒప్పుకున్నాక పనికి ఎన్ని రోజులన్నది ఇంకొకటి. రెండోది మారితే మీరు ఫోన్ చేసేలోపే మేం చేస్తాం. ఇప్పటిదాకా ఫోన్ ఎత్తనివాళ్లమే అని మీరు గుర్తుచేయక్కర్లేదు, ఆ నంబర్ల జాబితా నా ముందే ఉంది, వరసగా చేసుకుంటూ వస్తున్నాను.

ప్రస్తుతం లోపల మూడు బండ్లున్నాయి. రెండింటికి పార్టులు రావాలి. మూడోది పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మిస్సింగ్ కొట్టే (ఆగి ఆగి తడబడే) బండి, ఇవాళ సాయంత్రం వచ్చింది. రేపు పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ తాళం తిప్పొద్దని స్టీరింగుకు కాగితం కట్టి ఉంచాను. దాని ఓనరుగారూ, మీకు ఫోన్ తొమ్మిదింటికి వస్తుంది.