నల్లాలో మురుగు వస్తోంది సార్, మా గల్లీ పైపు మార్చండి

హైదరాబాద్ నగర నీటి సరఫరా చూస్తున్న ఉన్నతాధికారి గారికి,

నమస్కారం సార్. భోలక్‌పూర్‌కు ఎంతో దూరం లేని ఒక బస్తీ నుంచి రాస్తున్నాను. ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. ఫోన్‌లో చేసిన ప్రతి కంప్లైంటూ "మీ సమస్య పరిష్కారమైంది" అనే మెసేజ్‌తో మూతపడుతోంది. అందుకే ఇలా నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

మాకు రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. వచ్చాక మొదటి పది పదిహేను నిమిషాలు నల్లటి నీళ్లు, ముక్కు మూసుకోవాల్సిన డ్రైనేజీ వాసన. నల్లాకు కట్టిన తెల్ల గుడ్డ విప్పితే అందులో వెంట్రుకలు, నల్లటి జిగురు, ఒక్కోసారి కదిలే పురుగులు. ఆ నీళ్లన్నీ వాకిట్లో పారబోస్తాం. తర్వాత రంగు తేరుకుంటుంది కానీ వాసన పూర్తిగా పోదు. ఒకే నల్లా మీద మూడు నాలుగు కుటుంబాలు కిరాయికుండే ఇళ్లు మావి. కాస్త మంచి నీళ్లు మొదలై ఇద్దరి బిందెలు నిండేసరికి ధార సన్నబడిపోతుంది. మిగతావాళ్లు ఆ సన్నటి ధార కిందే బిందె పెట్టుకుని నిలబడతారు.

తాగడానికి క్యాన్ కొనుక్కుంటున్నాం. కూలికి పోయే ఇంట్లో రోజూ క్యాన్ కొనడమే భారం. బియ్యం కడగడానికి, కూర వండడానికి, పసిపిల్లల పాల సీసా కడగడానికి కూడా క్యాన్ నీళ్లంటే ఎక్కడి నుంచి తెస్తారు? అవన్నీ ఈ నల్లా నీళ్లతోనే జరుగుతున్నాయి. పక్కింటి చిన్నబాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బస్తీ దవాఖానాకు ఎత్తుకెళ్లాం. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఏ నీళ్లు వాడుతున్నారమ్మా?" అని. ఆ తల్లి ఏం చెబుతుంది? నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు, పేదవాళ్లకు అది పెద్ద సాయమే, కాదనం. కానీ పిల్లాడికి పట్టలేని నీళ్లు ఎన్ని వేల లీటర్లు వస్తే మాత్రం ఏం లాభం సార్?

సిబ్బంది రాలేదని అనను, వచ్చారు. కానీ మా గల్లీలో నల్లా లేని పూట వచ్చారు. అవతలి గల్లీలో నీళ్లు వస్తుంటే అక్కడే చిన్న గాజు గొట్టంలో పట్టి, చుక్కల మందు వేసి చూశారు. పసుపు రంగు వచ్చింది. "క్లోరిన్ బాగానే ఉందమ్మా" అని ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందని. మర్నాడు తెల్లవారుజామున మా నల్లాలో మళ్లీ అవే నల్లటి నీళ్లు. ఇంటి ముందు నిలబడి చూడని సమస్య పరిష్కారమైందని ఎవరు రాశారు? ఫిర్యాదు చేసిన మనిషిని ఒక్కమాట అడగకుండా ఎలా మూసేశారు?

కారణం మీకు తెలియనిది కాదు. మా గల్లీలో తాగునీటి పైపు, డ్రైనేజీ లైను పక్కపక్కనే ఉన్నాయి. ఇళ్లకు వెళ్లే కనెక్షన్లు కొన్ని డ్రైనేజీని దాటుకునే పోతాయి. పాత ఇనుప పైపులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. పొంగిన మ్యాన్‌హోల్ నుంచి ఇంకిన మురుగు ఆ చిల్లుల్లోంచి లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందు వచ్చేది అదే. కృష్ణా నీళ్లను కోదండాపూర్‌లో శుద్ధి చేసి వంద కిలోమీటర్లకు పైగా తెస్తున్నారు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి అంతకంటే దూరం వస్తున్నాయి. అంత ఖర్చుతో, అంత కరెంటుతో తెచ్చిన నీళ్లు చివరి యాభై మీటర్లలో పాడైపోతున్నాయి. గోదావరి నీళ్లు నగరానికి తెచ్చే పథకం రెండు, మూడు దశలకు 7,360 కోట్లతో 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. సంతోషం. ఆ నీళ్లు కూడా ఈ చిల్లుల పైపులోంచే మా ఇంటికి రావాలి కదా?

మోటార్ల సంగతి కూడా చెప్పాలి. నల్లాకు మోటార్ పెడితే 5,000 జరిమానా అని 2025 ఏప్రిల్‌లో డ్రైవ్ పెట్టారు. మోటార్ లాగితే మురుగు ఇంకా ఎక్కువ లోపలికి వస్తుందన్నది నిజమే, పెట్టడం తప్పే. కానీ ప్రెషర్ ఉంటే కరెంటు ఖర్చు పెట్టుకుని మోటార్ ఎవరు పెడతారు? జరిమానా వేయడానికి వచ్చినవాళ్లు ప్రెషర్ ఎందుకు లేదో కూడా చూసి ఉంటే బాగుండేది.

సీసీ రోడ్డు వేసేటప్పుడే మొత్తుకున్నాం, ముందు పైపు మార్చండి, తర్వాత రోడ్డు వేసుకోండి అని. ఎవరూ వినలేదు, కుళ్లిన పైపు మీదే సిమెంటు పోశారు. ఇప్పుడు అడిగితే కొత్త రోడ్డు తవ్వడానికి పర్మిషన్ రావాలి, ఎస్టిమేట్ పోవాలి, బడ్జెట్ రావాలి అంటున్నారు. ఆ ఎస్టిమేట్ ఏ టేబుల్ మీద ఉందో చెప్పేవాళ్లు లేరు.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో ఏం జరిగిందో ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఎవరూ మర్చిపోలేదు. తాగునీళ్లలో మురుగు కలిసి జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పైపులు మార్చడానికి డబ్బులు ఎక్కడి నుంచో వచ్చాయి. ఇప్పుడే రావాలని అడుగుతున్నాం. మనుషులు పోయాక కాదు. వానాకాలం వస్తోందంటేనే మాకు టెన్షన్‌గా ఉంది సార్.

దయచేసి మా గల్లీ పైపు మార్చండి. మార్చేదాకా నల్లా వచ్చే రోజున తాగే నీళ్ల ట్యాంకర్ ఒకటి పంపండి. టెస్టు చేయాలంటే నల్లా వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో, మా గల్లీలో, మా నల్లా కిందే పట్టండి. మమ్మల్ని అడగకుండా కంప్లైంట్ మూయొద్దని మీ వాళ్లకు చెప్పండి. రోడ్డు తవ్వితే దుమ్ము అవుతుంది, నడవడం కష్టమవుతుంది, ఎన్ని రోజులైనా ఓర్చుకుంటాం. పని ఎప్పుడు మొదలుపెడతారో తేదీ వేసి, సంతకం పెట్టి ఒక కాగితం ఇప్పించండి. చూస్తాం, చేస్తాం అనే మాటతో ఈసారి పంపించేయకండి సార్.

ఇట్లు,
బస్తీ ఆడవాళ్ల తరఫున ఒక గృహిణి