ఇడ్లీ అరగంట తిన్న మనిషి

అంబాజీపేట,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ చంటీ,

నీ వాయిస్ మెసేజీలకి జవాబివ్వలేదని అలిగి ఉంటావు. క్షమించరా. ఇది ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు. నేను పెరట్లోకెళ్ళి మాట్లాడితే అమ్మ నూతి దగ్గర ఏదో కడుక్కుంటున్నట్టు వచ్చి నిలబడుతుంది. అందుకే కొట్లో కూర్చుని, లెక్కల పుస్తకంలో వెనక కాగితాలు చింపి రాస్తున్నాను. చదివాక చింపేస్తావో దాచుకుంటావో నీ ఇష్టం. మెస్ గోడ మీద మాత్రం అంటించకు.

ముందు మామూలు కబుర్లు. అందరం బాగున్నాం. గౌతమికి ఎర్రనీరు వచ్చింది, లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టు మీదకి తోలారు, మనవైపు ఇబ్బందేం లేదు. కొబ్బరికాయ ధర సంగతి అడగొద్దు. చిన్నది ఎనిమిదో తరగతికి వచ్చింది. మీ పాత ఇంటి వెనకాల పనసచెట్టు కొట్టేశారు, దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే ఇద్దరం ఏడుస్తాం.

అసలు సంగతి ఏంటంటే, నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుందాం అనుకుంటున్నాను. బేరియాట్రిక్ అంటారు. నవ్వొచ్చిందా? కాగితం పక్కన పెట్టి పూర్తిగా నవ్వేసి రా.

నవ్వావా. సరే.

124 కిలోలురా. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంతో చూసే లెక్క, కడితే 41 దాటింది. షుగర్ మూడు నెలల సగటు 8.4, అంటే ఎక్కువే. మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. మొన్న కనుమకి జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాను. ఒకప్పుడు మనం ప్రభకి భుజం పట్టి కౌశిక ఏరు దాటేవాళ్ళం కదా, నీ చెప్పు బురదలో పోయి నువ్వు నన్ను తిట్టిన ఏడాది గుర్తుందా? ఈసారి గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చిన కుర్రాడు మాత్రం ఒకదాని మీద ఒకటి, రెండు వేశాడు. అడక్కుండానే.

డైట్లు అన్నీ చేశాను, నీకు తెలియనివి కాదు. తగ్గడం, మళ్ళీ వడ్డీతో సహా పెరగడం. చివరికి మన షుగర్ డాక్టరుగారే ఒకసారి సర్జన్ని కలవమన్నారు. నీ చెల్లెల్ని తీసుకుని రాజమండ్రి వెళ్ళాను. ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. స్లీవ్ అని ఒక రకం, పొట్టని నిలువుగా కోసి ఇంచుమించు 75 నుంచి 80 శాతం తీసేస్తారట. మిగిలేది అరటిపండంత గొట్టం. "చక్కెరకేళా, కర్పూరమా?" అని అడిగాను. నీ చెల్లెలు కాలు తొక్కింది. డాక్టరు నవ్వలేదు. రావులపాలెం మార్కెట్ చూసుండడు పాపం.

తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువ తయారవుతుందట, గ్రెలిన్ అంటారు. అందుకని తర్వాత ఆకలే తగ్గిపోతుందట. రెండో రకం బైపాస్. పైన చిన్న సంచి లాగా చేసి దాన్ని తీసుకెళ్ళి కింద చిన్నపేగుకి కలుపుతారు. అది చేయించుకున్నాక తీపి తింటే కొందరికి గుండె దడ, చెమటలు, విరేచనాలు. తాపేశ్వరం కాజా గుర్తొచ్చి నాకు అప్పుడే చెమటలు పట్టాయి. ఏది చెయ్యాలో ఎండోస్కోపీ, అంటే గొట్టం దింపి పొట్ట లోపల చూసే పరీక్ష, చేసి చెప్తానన్నాడు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితాల్లో చూస్తే బీఎంఐ 40 దాటాలి, లేదంటే 35 దాటి అదుపులో లేని షుగరో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో తీవ్రంగా ఉండాలి అని రాసుంది. పరీక్షల్లో నాకు ఫస్టు క్లాసు రావడం ఇదే మొదలు.

ఇక టెన్షన్ గురించి. పగలు బాగానే ఉంటాను. రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది. మత్తిచ్చాక లేవకపోతే? కుట్టిన చోట లీకైతే? ఫోన్ తీసి వెతకడం, ఒకడు బాగుందంటాడు, ఇంకొకడు చచ్చాడంటాడు, పొద్దున్నే కళ్ళు ఎర్రగా. చుట్టాల్లో ఒకరిద్దరికి చెప్తే "ఏం కాదులే" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా భయం ఇంకాస్త పెరిగింది. ఏం కాదని వీళ్ళకెలా తెలుసు? డాక్టరు మాత్రం ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది, ఇంచుమించు పిత్తాశయం ఆపరేషన్‌కి ఉన్నంతే అన్నాడు. లీక్, రక్తస్రావం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఇవి ఎప్పుడు రావచ్చో, వస్తే ఏం చేస్తారో ఒక్కొక్కటే చెప్పాడు. గడ్డకట్టకుండా ఉండటానికే అదే రోజు లేపి నడిపిస్తారట. భయపెట్టే మాటలే గానీ విన్నాక కొంచెం నిద్రపట్టింది. చిత్రంగా లేదూ?

కానీ అసలు భయం అది కాదురా. అదేంటో నాకూ సరిగ్గా... ఇప్పుడు చూడు, నన్ను గంగాళం అన్నారు మీరు. పెళ్ళిళ్ళలో రెండో బంతి సిద్ధాంతం కనిపెట్టింది నేను. అక్కావాళ్ళింటికెళ్తే నేను తింటుంటే చూడ్డానికి పక్కింటోళ్ళని పిలుస్తుంది. గుప్పెడు అన్నం తిని చెయ్యి కడుక్కునేవాణ్ణి ఎవరైనా భోజనానికి పిలుస్తారా? సరే, వదిలెయ్.

ఇదిగో, ఎండోస్కోపీ రోజు. ఈ ఉత్తరం రాయడానికి కారణమే ఆ రోజు.

పరగడుపున వెళ్ళాలి. గొంతులో ఏదో స్ప్రే కొట్టారు, నాలుక మొద్దుబారింది, నోట్లో ప్లాస్టిక్ ముక్క పెట్టి గొట్టం దింపారు. రెండు మూడు నిమిషాలే, కానీ ఆ నిమిషాల్లో మన వార్డెన్‌ని కూడా క్షమించేశాను. అయిపోయాక మొద్దు తగ్గేదాకా ఏమీ తినొద్దన్నారు. కింద క్యాంటీన్లో కూర్చున్నాను. నీ చెల్లెలు రిపోర్టుల కోసం లైన్లో ఉంది.

ఎదురు టేబుల్ దగ్గర ఒకాయన. యాభై ఏళ్ళుంటాయి. ప్లేట్లో ఒకే ఒక్క ఇడ్లీ. స్పూనుతో గోరంత తుంచుకుని నోట్లో వేసుకుంటాడు, నములుతాడు, స్పూను కింద పెడతాడు, కిటికీలోంచి చూస్తాడు. మళ్ళీ గోరంత. నేను ఆకలితో ఉన్నానా, ఆ ఇడ్లీ మీంచి చూపు తిప్పలేకపోయాను. ఆయన పట్టేశాడు.

"ఆయ్, ఆపరేషన్‌కా అండి?" అన్నాడు. నన్ను చూస్తే ఎవరికైనా తెలుస్తుందిలే. తనది అయి రెండేళ్ళు దాటిందట, చెకప్‌కి వచ్చాడు. భీమవరం అవతల వనామీ రొయ్యల చెరువులున్నాయట. ఫోన్లో పాత ఫొటో చూపించాడు. ఒరేయ్, నా కంటే పెద్ద గంగాళం!

నేను డాక్టర్ని అడగలేనివన్నీ ఆయన్ని అడిగేశాను. బాగుంటుందా అంటే "మొదటి రెండు నెలలు ఎందుకు చేయించుకున్నానా అని తిట్టుకున్నానండి" అన్నాడు. మొదట్లో రెండు వారాలు అన్నీ తాగడమే, అదీ చిన్న గ్లాసుతో కొంచెం కొంచెం. తర్వాత మెత్తగా చేసినవి. పక్కింట్లో కోడికూర వాసనొస్తే గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడట. మూడో నెల దాటాక జుట్టు దువ్వెనకి వచ్చేసేది, ఆర్నెల్లకి ఆగి మళ్ళీ మొలిచింది, అంటూ తల వంచి చూపించాడు. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. గబగబా మింగితే ఛాతీలో అడ్డుపడి బయటికొచ్చేస్తుంది, మేనల్లుడి పెళ్ళిలో అదే జరిగిందట. ప్రొటీన్ రోజుకి 60 గ్రాములకి తగ్గకూడదని ముందు గుడ్డో చేపో తిని, చోటు మిగిలితే అన్నం. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు బతికున్నన్నాళ్ళూ. ఊళ్ళోవాళ్ళు చూసి "ఏమైనా జబ్బా?" అని వాళ్ళావిణ్ణి చాటుకి పిలిచి అడిగారట. "నా ఆస్తి ఎవరికి రాశానో కూడా అడిగారండి" అని నవ్వాడు.

ఒక్క మాట కూడా ధైర్యం చెప్పినట్టు చెప్పలేదురా! చేపల ధర చెప్పినట్టు చెప్పాడు.

"మీకు భయం వెయ్యలేదా?" అన్నాను.

"రెండుసార్లు డేటు తీసుకుని, రెండుసార్లూ జ్వరమని అబద్ధం చెప్పి మానేశానండి."

"మూడోసారి ఎలా వెళ్ళారు మరి?"

ఆయన ఇడ్లీ ముక్క నమిలి మింగేదాకా ఆగాల్సి వచ్చింది. చెరువు గట్టు మీద జారిపడ్డాడట. లేవలేకపోయాడు. మేత వేసే కుర్రాళ్ళు నలుగురు వచ్చి లేపారు. "అందులో ఒకడు మొహం తిప్పుకుని నవ్వాడండి. వాడికి జీతం ఇచ్చేది నేనే. కోప్పడలేదు. మర్నాడు ఫోన్ చేసి డేటు అడిగాను." ఇప్పుడు రాత్రి ఏరేటర్ ఆగితే తనే టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరిగొస్తాడట. మళ్ళీ ఆరేడు కిలోలు పెరిగాననీ, సాయంత్రం జంతికలు మానలేకపోతున్నాననీ, అందుకు డైటీషియన్ తిడుతుందనీ కూడా చెప్పాడు.

ఇడ్లీలో పావువంతు వదిలేసి లేచాడు. నేనింకా ఆ పావువంతునే చూస్తున్నాను. "ఆకలిగా ఉంటే తినెయ్యండి, ఎంగిలి కాదు, అటువైపు ముట్టుకోలేదు" అన్నాడు. తిన్నానా లేదా అన్నది నీకు చెప్పను.

తర్వాత సైకాలజిస్టు దగ్గరికి పంపారు. పిచ్చి ఉందేమో చూస్తారనుకున్నాను, అది కాదట. బాధ కలిగితే తింటారా, రాత్రి లేచి తింటారా, మందు అలవాటుందా, తర్వాత నియమాలన్నీ పాటించగలరా, ఇవీ ప్రశ్నలు. నేను పెద్దమనిషిలా జవాబులు చెప్తున్నాను. ఆవిడ మీ చెల్లెలి వైపు తిరిగి "మీరేమైనా చెప్తారా అమ్మా?" అంది.

ఇది మాటెత్తని మనిషి కదా. "ఆయన గురక పెడుతుంటే నాకు నిద్ర పడుతుందండి. ఆగిపోతేనే మెలకువ వస్తుంది" అంది. ఆగినప్పుడు వీపు మీద చెయ్యి వేసి కదుపుతుందట. ఎన్నేళ్ళుగానో. నాకు తెలియనే తెలియదు చంటీ. దోమల్ని తోలుతోందనుకునేవాణ్ణి.

నిద్రలో చేసే పరీక్ష కూడా అయింది. ఊపిరి ఆగే జబ్బు తీవ్రంగానే ఉందని తేలింది. సీపాప్ అని మాస్కు మిషన్ ఇచ్చారు, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా పెట్టుకోవాలి. పెట్టుకుంటే ఏనుగులా ఉన్నానని చిన్నది నవ్వి చస్తోంది. మీ చెల్లెలు మాత్రం పొద్దున్న ఏడింటిదాకా లేవట్లేదు. కాఫీ నేనే పెడుతున్నాను.

వచ్చేటప్పుడు రావులపాలెంలో దిగి చిన్నదానికి పూతరేకులు కొంది. పొట్లం నా ఒళ్ళో పెట్టి తను కిటికీ పక్కకి జరిగింది. అంబాజీపేట దాకా ఒళ్ళోనే ఉంది, కావాలంటే దాన్నే అడుగు.

ఎండోస్కోపీలో పొట్టలో ఏదో బ్యాక్టీరియా కనబడింది. దానికి 14 రోజుల మాత్రలు. అవి అయ్యాక డేటు. డేటుకి రెండు వారాల ముందు నుంచి అన్నం బంద్, ప్రొటీన్ పొడీ, మజ్జిగా, కూర ముక్కలూ. కాలేయానికి కొవ్వు పట్టి ఉబ్బి పొట్ట మీదకి వస్తుందట, అది తగ్గితేనే చిన్న రంధ్రాల్లోంచి దుర్భిణీ పెట్టి ఆపరేషన్ చెయ్యడానికి చోటు దొరుకుతుంది. పులస రోజుల్లోనే ఇది రావాలా చెప్పు!

భయం పోలేదు. నిన్న రాత్రి కూడా పదకొండింటికి వచ్చింది. ఇప్పుడు ఫోన్ ముట్టుకోకుండా, వచ్చిన ప్రశ్న వచ్చినట్టు కాగితం మీద రాసేస్తున్నాను. రాత్రిపూట ఏదైనా అయితే ఆసుపత్రిలో ఎవరుంటారు, నొప్పి మాత్రల్లో ఏవి వేసుకోకూడదు, స్లీవ్ చేశాక గుండెల్లో మంట పెరిగితే ఏంటి, ఇలాంటివి. తెల్లకోటు చూడగానే నాకు నోరు పడిపోతుంది కాబట్టి ఆ కాగితం మీ చెల్లెలి చేతికిస్తాను. అన్నం నమలడం కూడా ప్రాక్టీస్ మొదలెట్టాను. అమ్మ నిన్న "పన్ను నొప్పా?" అంది.

అమ్మ గురించే నీతో పని పడిందిరా. అమ్మకి ఇంకా తెలీదు. ఆవిడ లెక్కలో నేను సన్నబడటం అంటే నాకేదో రోగం వచ్చినట్టు. నాన్న చివర్లో అలాగే చిక్కిపోయారు కదా, ఆ మాట పైకి అనదు గానీ... నేను చెప్తే వినదు. మీ చెల్లెలు చెప్తే ఇంకో గొడవ. నీ మాటంటే వింటుంది, పెసరట్టు కేసులో కూడా నిన్నే నమ్మింది, అబద్ధం నీదే అయినా. దసరాకి వస్తానన్నావు, నాలుగు రోజులు ముందు రాగలవా? వచ్చి, ముందు కొంచెం ఎక్కువ తిను, ఆవిడ మనసు కుదుటపడ్డాక నెమ్మదిగా

లారీ వచ్చేసిందిరా. కాటా దగ్గర నేను లేకపోతే బస్తాకి రెండు కాయలు మాయం. పోస్టు కుర్రాడు కూడా సైకిలు స్టాండు తీసేశాడు. నువ్వు వచ్చే తారీఖు రాయి, ఇంటికి కాదు, కొట్టు అడ్రసుకి.

నీ
గంగాళం