మనిషిని కాదు, గడ్డ ముక్కను పంపండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను.

మా చిన్నమ్మ రొమ్ములో గడ్డ చూపిస్తే మొదట చూసిన డాక్టర్ పాలగడ్డ అన్నారు. అప్పటికి ఆమె చిన్న కొడుకు డిగ్రీలో ఉన్నాడు! నెలలు గడిచాక బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది.

నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే మా ఇంటికొచ్చింది. ఒంట్లో కణాలకు పుట్టుకలాగే చావూ రాసిపెట్టి ఉంటుంది. బిడ్డకు పాలు మాన్పించాక, రొమ్ములో పాలు తయారుచేసిన కణాలు చాలావరకు వాటంతట అవే చచ్చిపోతాయి. ఇలాంటి చావుకే 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. డీఎన్ఏ బాగా దెబ్బతిన్న కణాన్ని పీ53 అనే ప్రోటీన్ చావు దారి పట్టిస్తుంది. క్యాన్సర్‌లో ఈ చావే ఆగిపోతుంది. దాదాపు 30 శాతం రొమ్ము క్యాన్సర్లలో ఆ పీ53ని తయారుచేసే జన్యువే చెడిపోయి ఉంటుంది. హార్మోన్ రకం గడ్డల్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఊతంతో బీసీఎల్2 అనే ప్రోటీన్ పెరిగి చావును ఆపేస్తుంది. ఇంకొన్నింట్లో హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువై, కణాన్ని బతుకు, పెరుగు అని తరుముతూనే ఉంటుంది.

కణం చావు ఎక్కడ ఆగిందో దాన్ని బట్టే మందు. హార్మోన్ రకానికి టామోక్సిఫెన్ లాంటి మాత్రలు, హెర్2 రకానికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. గడ్డ ముక్క మీద ఈఆర్, పీఆర్ (రెండూ హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు), హెర్2 పరీక్షలు అయితే తప్ప ఆ సంగతి తెలియదు.

ఆ పరీక్షల కోసం చిన్నమ్మ గడ్డ ముక్కను నేనే మోసుకెళ్లాను. మైనంలో పెట్టిన గోరంత ముక్క, ల్యాబ్ వాళ్లు బ్లాక్ అంటారు. దాన్ని రుమాలులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, మల్లేపల్లి మీదుగా హైదరాబాద్ బస్సెక్కాను. ఎండకు మైనం కరుగుతుందేమోనని దారంతా జేబు మీద చెయ్యి తీయలేదు. ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కు తిప్పారు. రిపోర్టు చేతికొచ్చేసరికి నెల దాటింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చదువుకున్న నాకే ఇంత టెన్షన్ అయితే, తండాల నుంచి కూలి మానుకుని వచ్చే అక్కల సంగతేంటి సార్?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటిలో ఇలాంటి ముక్కలను పరీక్షించే పాథాలజీ విభాగాలున్నాయి. ఈ మూడు పరీక్షలు అక్కడే ఉచితంగా జరిగేలా చూడండి. ఎక్కడైనా ఆలస్యమయ్యేట్టుంటే అప్పటిదాకా బ్లాకులను ప్రభుత్వ బండిలోనే హైదరాబాద్ పంపించి, రిపోర్టును జిల్లా ఆసుపత్రికే తెప్పించండి. ఎన్ని రోజుల్లో ఇస్తారో గోడ మీద రాయించండి.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
దేవరకొండ