పవర్‌హెడ్ వద్దు, దయచేసి

అందరికీ నమస్కారం. రుషికొండ డైవ్‌కి పవర్‌హెడ్ తెచ్చుకుందామా అని నిన్న గ్రూపులో అడిగారు. వద్దండి. అది సొరచేపను చంపడానికి కర్ర చివర బిగించే చిన్న గొట్టం, లోపల ఉండేది నిజమైన తుపాకీ తూటా. సొర ఒంటికి ఆనేలా గట్టిగా పొడిస్తే పిన్ను తూటా అడుగున కొట్టి పేలుస్తుంది. దాంతోపాటు దూసుకెళ్లే గ్యాస్ లోపలంతా చీల్చేస్తుంది. ఊగే పడవలో అది ఎవరి కాలికో తగిలితే? తలుచుకుంటేనే టెన్షన్. పైగా లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మన తీరానికొచ్చే వేల్ షార్క్ అనే పెద్ద సొర తినేది ప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న చిన్న జీవులు), చిన్న చేపలు; 2001 నుంచి దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. సొర కనిపిస్తే కంగారుగా ఈదకండి. దాన్నే చూస్తూ, మీ జోడీ డైవర్ పక్కనే ఉండి, మెల్లగా పైకి రండి. ఈటెతో చేపలు పట్టేవాళ్లు రక్తమోడే చేపను నడుముకి కట్టుకోవద్దు, వెంటనే పడవలోకి అందించేయండి.