ఈమెయిల్ చర్చల్లో ఎదుటివారి మాటను ఉటంకించే పద్ధతి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

హోంవర్క్ విషయమై మీ మధ్య ఈమెయిల్‌లో జరుగుతున్న చర్చను నేను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. పిల్లల చదువు గురించి ఇంతమంది తీరిక చేసుకుని రాయడం మాకెంతో సంతోషం. అయితే, అభిప్రాయభేదాల కన్నా జవాబు రాసే తీరు వల్లే కొన్ని అపార్థాలు కలుగుతున్నందున ఈ నెల లేఖను ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

"హోంవర్క్ తగ్గించాల్సిందే, కానీ లెక్కల్లో మాత్రం రోజూ సాధన ఉండాలి" అని ఒక తల్లి రాశారనుకుందాం. జవాబిచ్చేవారు అందులో మొదటి సగమే ఉంచి, "అయితే మన పిల్లలకు లెక్కలు అక్కర్లేదా?" అని అడిగితే, అసలు ఉత్తరం చూడనివారికి ఆమె అనని మాట అన్నట్టే కనిపిస్తుంది, ఆమె వివరణ ఇచ్చుకునేలోపే మరో నలుగురు అదే ప్రశ్న వేస్తారు. పైగా తెలుగు వాక్యంలో 'కాదు', 'లేదు', 'వద్దు' అన్నవి చివరనే వస్తాయి కాబట్టి, తోక కత్తిరిస్తే అర్థమే తారుమారవుతుంది. ఏ మాటకు జవాబిస్తున్నారో ఆ వాక్యాన్ని పూర్తిగా ఉంచి, అది ఎవరు రాసిందో చెప్పి, సంబంధం లేని మిగతా భాగాన్ని తీసేయవలసిందిగా కోరుతున్నాను.

ఇది నేను కొత్తగా చెబుతున్న నియమం కాదు. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థ తరఫున 1995 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే మర్యాదల పత్రం, సందర్భం తెలియడానికి సరిపడా పాఠాన్నే ఉంచమనీ, ఒకరు మనకు విడిగా రాసిన ఉత్తరాన్ని పదిమందికి పంపేముందు వారి అనుమతి అడగమనీ అప్పుడే సూచించింది.

ఒకే ఉత్తరంలో బస్సు వేళలు, యూనిఫాం, పరీక్ష తేదీలు మూడింటి గురించీ అడిగినప్పుడు పైన "సరేనండి" అని ఒక్క మాట రాసి పంపితే, దేనికి సరే అన్నారో ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు. ఒక్కో ప్రశ్న కిందనే దాని జవాబు రాయండి. చర్చ వేరే విషయానికి మళ్లితే సబ్జెక్టు మార్చండి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది, జవాబుల అడుగున పేరుకుపోతున్న పాత ఉత్తరాలు. జీమెయిల్‌లో అవి మూడు చుక్కల వెనక దాగి ఉంటాయి కాబట్టి పంపేవారి కంటికి ఆనవు. కానీ మధ్యలో కొత్తగా ఎవరినైనా చేర్చి జవాబు పంపితే, వారు ఆ చుక్కలు నొక్కి మొత్తం చదవగలరు. ఒక బిడ్డ ఆరోగ్యం గురించి టీచరుకు మాత్రమే చెప్పుకున్న మాట అలా తరగతి మొత్తానికీ చేరిపోతే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. దయచేసి పంపేముందు ఆ చుక్కలు తెరిచి, అడుగున ఏముందో, పైన ఎవరెవరి పేర్లున్నాయో చూడండి.

ఇకపై పిల్లల మార్కులు, ఆరోగ్యం, ఫీజులకు సంబంధించిన విషయాలను మా ఉపాధ్యాయులు పాత చర్చల కింద కాకుండా కొత్త ఉత్తరంగా, ఆ బిడ్డ తల్లిదండ్రులకు మాత్రమే పంపుతారు. మీరు కూడా ఇటువంటి విషయాలను గ్రూపులో కాక నేరుగా తరగతి ఉపాధ్యాయులకే రాయగలరు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు