గుండె డాక్టరుకి కుండ రాసేది

ఒరేయ్ గుండె డాక్టరూ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరాలు రెండూ నా టేబుల్ మీదే ఉన్నాయి. మొదటిదానికి జవాబు రాద్దామనుకునేలోపు రెండోది వచ్చింది. రెండోది చూసి సిగ్గేసి రెంటికీ రాయలేదు. ఇందులో న్యాయం లేదని నాకూ తెలుసు.

విశేషాలు గబగబా చెప్పేస్తా. ఉద్యోగం ఖాయమైంది, జులైలో చేరాలి. కాలు నయమైంది, మెట్లెక్కుతున్నాను. రూమ్మేట్ మారాడు, గురక మారలేదు. ఆ గొడుగు సంగతి ఇంకా తేలలేదు, అడక్కు.

అసలు విషయం. నేను కుండలు చేస్తున్నాను.

నవ్వు, నవ్వు. ఆగుతాను.

అయిందా? పదో తరగతిలో నా రికార్డు తెరిచి సార్ "ఇది గుండె కాదురా, కుండ" అన్నప్పటి నుంచి ఈ పేరు మోస్తున్నాను. ఆ తర్వాత నా రికార్డులో బొమ్మలన్నీ నువ్వే గీశావు, మందార పువ్వు నిలువుకోతతో సహా. నీ లెక్కలన్నీ నేను చేశాను. ఆ ఒప్పందంతో జీవితం గడిచిపోతుందనుకున్నా. ఆరేళ్ళకి దొరికిపోయాను.

పట్టుకున్నది మనిషి కాదు, డిగ్రీ ఆడిట్, అంటే పట్టాకి కావాల్సినవన్నీ పూర్తయ్యాయో లేదో చూపించే లెక్క. ఇక్కడ అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాడు కంప్యూటర్ సైన్స్ ఒక్కటే చదువుకుంటానంటే కుదరదని మొదటి ఏడాదే నీకు ఫోన్లో ఏడ్చాను కదా. డిగ్రీకి 120 క్రెడిట్లు, కోర్సుకి మామూలుగా 3. అందులో మా దగ్గర దాదాపు మూడోవంతు జనరల్ ఎడ్యుకేషన్. అందరూ జెన్ ఎడ్ అంటారు. రాయడానికో పెట్టె, లెక్కలకో పెట్టె, ల్యాబు ఉన్న సైన్సుకి ఒకటి, ఆపైన సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు, కళలు. ఏ పెట్టెలో పడాల్సిన క్రెడిట్లు ఆ పెట్టెలో పడాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా, మిగతా 117 క్రెడిట్లలో నువ్వు ఐన్‌స్టీన్‌వైనా పట్టా ఇవ్వరు.

జనవరిలో ఆడిట్ తెరిచాను. అన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్క గీత ఎర్రగా. కళలు: 3కి 0. గుండె ఆగింది (నీ శాఖే). మొదటి ఏడాది సినిమా చరిత్ర కోర్సొకటి చేశానే, నిద్రపోయి కూడా బి తెచ్చుకున్నది! అది మానవీయ శాస్త్రాల జాబితాలోనూ ఉంది, కళల జాబితాలోనూ ఉంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలని మూడున్నరేళ్ళుగా సంబరపడుతున్నా. అడ్వైజర్ చాలా నెమ్మదిగా చెప్పింది: కోర్సు రెండు జాబితాల్లో ఉండొచ్చు, కానీ ఒక్క పెట్టెకే లెక్క. నీది మానవీయ శాస్త్రాల పెట్టెలో పడిపోయింది. ఆ నెమ్మదికే నాకు ఒళ్ళు మండింది.

అర్జీ పెట్టాను. యాప్‌ల తెరలు ఎలా ఉండాలో నేర్పే కోర్సు చేశాను కదా, రంగులు, అక్షరాలు, అమరిక, అదీ కళేనని రెండు పేజీలు వాదించాను. వాళ్ళ జవాబు ఒకే లైను. కోర్సు మంచిదేనట, జాబితాలో లేదట.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ పీడ ఎవడు మొదలుపెట్టాడో వెతుకుతూ కూర్చున్నాను. 1869లో చార్ల్స్ ఎలియట్ అని ఒకాయన హార్వర్డ్‌కి ప్రెసిడెంటై నలభై ఏళ్ళున్నాడు. ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోండని తలుపులన్నీ బార్లా తీశాడు. దండం పెట్టాలనిపించింది. తర్వాతివాళ్ళు వాటిని ఒక్కొక్కటే దగ్గరికి వేసుకుంటూ వచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1919లో కొలంబియా యూనివర్సిటీలో అందరూ చదివి తీరాల్సిన కోర్సొకటి పెట్టారు, సమకాలీన నాగరికత మీద. అది ఇప్పటికీ నడుస్తోంది. 1945లో ఆ హార్వర్డే ఒక నివేదిక వేసింది. అట్ట రంగుని బట్టి దానికి రెడ్ బుక్ అని పేరు. ఎవరి చదువు వాళ్ళది అయిపోతే మనుషులు విడిపోతారు, పౌరులకి ఉమ్మడిగా కొంత చదువు ఉండాలి అంటుందది. అర్ధరాత్రి రెండింటికి ఆ మాట చదివి, ఉమ్మడిగా ఉండాల్సింది నా డిగ్రీతోనేనా అని గోడతో పోట్లాడాను. ఎంఐటీలో ఇంజనీర్లక్కూడా ఇలాంటివి 8 కోర్సులట, పైగా ఈత వచ్చని చూపించాలట, రాకపోతే నేర్చుకోవాలట. బ్రౌన్ యూనివర్సిటీలో మాత్రం 1969 నుంచి ఇలాంటి పెట్టెలే లేవు. నేను బ్రౌన్‌కి ఎందుకు అప్లై చెయ్యలేదు? పోనీలే. ఈత మాట చదివాక కుండలే నయమనిపించింది. చెరువు దగ్గర జరిగింది ఎవరికీ చెప్పలేదు కదా?

నీకేం, ఇంటర్ కాగానే నేరుగా మెడిసిన్‌లో పడ్డావు. ఇక్కడైతే డాక్టరవ్వాలన్నా చాలామంది ముందు నాలుగేళ్ళ డిగ్రీ చెయ్యాల్సిందే, ఈ పెట్టెలన్నీ నింపాల్సిందే. నువ్వూ నాటకాల క్లాసులో చెట్టు వేషం వేసేవాడివి. మీ చెల్లికి మాత్రం తగిలినట్టుంది, కొత్త విద్యా విధానం వచ్చాక యూజీసీ చట్రంలోనే మేజర్ బయట 9 క్రెడిట్లు పెట్టారు కదా. తనకి నా సానుభూతి చెప్పు. ఆఖరి సెమిస్టర్ దాకా దాచుకోవద్దని కూడా చెప్పు.

సరే. డ్రాయింగ్ క్లాసు నిండిపోయింది. సంగీతం నిండిపోయింది. డాన్సు నా ప్రాజెక్టు వేళకే పడింది, దేవుడున్నాడు. మిగిలింది ఒకే సీటు, సిరామిక్స్. పొద్దున్న ఎనిమిదింటికి. ఆ పేరు మీద నొక్కేటప్పుడు నీ నవ్వు వినిపించింది, ఒట్టు.

మొదటిరోజు మేడమ్ ఎందుకొచ్చారని అందరినీ అడిగింది. "పెట్టె ఖాళీగా ఉంది" అన్నాను. ఎప్పుడూ సగం మంది అందుకే వస్తారంటూ మట్టి ముద్ద చేతిలో పెట్టింది.

ఒరే, సారె మీద, అదే కుమ్మరి చక్రం మీద, మట్టిని మధ్యకి తేవడం ఎంత కష్టమో తెలుసా! మోచేతులు తొడలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో ముద్దని కదలకుండా పట్టుకోవాలి. అది వెంట్రుకవాసి పక్కకున్నా నిన్నూ ఊపుతుంది. నాకు అలవాటైన తెలివితేటలన్నీ వాడాను. వేగం పెంచితే సరిపోతుందని సూత్రం కట్టాను. పెంచాను. ముద్ద ఎగిరి పక్కసీటు అమ్మాయి భుజం మీద పడింది. నర్సింగ్ చదువుతోంది. నువ్వనుకునేది కాదు, ఆమెకి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు, ఆరడుగులు.

మూడేళ్ళుగా నా క్లాసుల్లో అందరం ఒకే రకం మనుషులం, ఒకే రకం జోకులు. ఇక్కడ నా ఎడమపక్క నర్సింగ్, కుడిపక్క అకౌంటింగ్, ఎదురుగా రిటైరయ్యాక మళ్ళీ కాలేజీకొచ్చిన ఒక తాత. ఆయన గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. ఆయన చేతులు… తర్వాత చెప్తా.

ఐదోవారానికి నాకో కుండ వచ్చింది. నిజంగా కుండలాగే ఉంది. అడుగు మాత్రం కాస్త మందం, దిట్టంగా ఉంటుందిలే అనుకున్నా. కాల్చడానికి ఆవంలో పెట్టారు. ఆవమంటే ఊళ్ళల్లో పొగలు కక్కేది కాదు, కరెంటుది, పెద్ద పీపాలా ఉంటుంది. మర్నాడు మూత తీస్తే నా కుండ లేదు. దాని ముక్కలున్నాయి, అందరి వస్తువుల్లోనూ. మట్టిలో గాలి బుడగ ఉండిపోయిందన్నారు అందరూ. మేడమ్ కాదంది, గాలి కాదు, తడి. పైకి ఎండినట్టుంటుంది, మందంగా ఉన్నచోట లోపల నీళ్ళు అలాగే ఉంటాయి. 100 డిగ్రీలు దాటగానే అవి ఆవిరై 1600 రెట్లకి పైగా ఉబ్బుతాయి. బయటికి దారి లేకపోతే గోడని పేల్చుకుని పోతాయి. కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు అని మీ నానమ్మ అనేది చూడు, ఆ గుదియ నేనేరా. నర్సింగ్ అమ్మాయి గిన్నె అంచు ఎగిరిపోయింది. నాలుగు వారాల పనట అది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా ఘోరం. రెండు వారాలు నావైపు చూడలేదు.

ఇప్పుడు చెప్పేదాని కోసమే ఈ ఉత్తరం.

నా పుణ్యమా అని మేడమ్ క్లాసుకంతటికీ కొత్త పని పెట్టింది. ఒక్కొక్కరూ ఆరు కప్పులు చెయ్యాలి. చేసి, పచ్చిగా ఉండగానే తీగతో పైనుంచి కిందికి సగానికి కొయ్యాలి, గోడ మందం కళ్ళారా చూసుకోవడానికి. నిలువుకోత! అంతమంది మధ్య "నిలువుకోత" అని తెలుగులో గట్టిగా అనేశాను. ఎవరికీ అర్థం కాలేదు, నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆరోజు క్లాసయ్యాక ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం ముందేసుకుని ఏడుపు మొహంతో ఉంది. చూస్తే స్టాటిస్టిక్స్. ఆమెకి లెక్కల పెట్టె! రెండోసారి రాస్తోందట. నన్ను చూసి, రెండు వారాల కోపం అంతా కలిపి అడిగింది: "పేషెంటుకి ఊపిరాడకపోతే నేను సగటు తీస్తూ కూర్చోవాలా? ఇది నాకెందుకు?" ఒరే, అచ్చం నా అర్జీ. నేను రెండు పేజీల్లో రాసింది ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. అవతలి పక్క నుంచి విన్నానేమో, జవాబు తోచలేదు.

స్కేలు తీసుకుని మా ఇద్దరి కప్పుల గోడలూ కొలిచాను, ఊరికే, చేతులకి పని ఉండాలని. ఆమెవి మిల్లీమీటర్లలో 5, 6, 6, 6, 6, 7. నావి 3, 4, 5, 6, 7, 11. సగటు తియ్యమన్నాను. ఆమెది 6. నాదీ 6! ఆమె నా కప్పులకేసి చూసింది, తన కప్పులకేసి చూసింది. "అన్యాయం" అంది. నిజమే, ఆ 11 చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. సగటు దగ్గర ఇద్దరం సమానమే, మరి తేడా ఎక్కడుంది అని అడిగాను. ప్రతి కప్పూ ఆరుకి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గాలు కట్టి, కలిపి, ఆరు కాదు, ఒకటి తగ్గించి అయిదుతో భాగించి, వర్గమూలం తీశాం. ఆమెది సుమారు 0.6. నాది 2.8.

ఆ రెండంకెల వైపు చాలాసేపు చూసి, "అంటే నీ చేతికి నిలకడ లేదు" అంది.

మేం తీసిన ఆ అంకెనే ప్రామాణిక విచలనం అంటారు కదా, దానికి ఇంతకన్నా మంచి అర్థం నేనెక్కడా చదవలేదురా. నాలుగు సెమిస్టర్లు దాంతో ప్రోగ్రాములు రాశాను, ఏనాడూ చేత్తో తాకలేదు. ఆమె అక్కడితో ఆగలేదు. ఒక రోజు బీపీ మరీ తక్కువ, ఇంకో రోజు మరీ ఎక్కువ ఉన్న పేషెంటుని సగటు బాగుందని ఇంటికి పంపేస్తే ఏమవుతుందని తనే అడిగి, తనే పుస్తకం మూసేసింది. నువ్వు చెప్పు, వార్డులో అలా జరుగుతుందా? నిజంగా అడుగుతున్నా.

అప్పటినుంచి మంగళవారాలు ఆమె నా చేతులు సరిచేస్తుంది, గురువారాలు నేను ఆమె లెక్కలు చూస్తాను. చేసిపెట్టను, చూస్తాను. నీ విషయంలో చేసిన తప్పు మళ్ళీ చెయ్యను. నువ్వు నా బొమ్మలు గీయకుండా ఉంటే… అబ్బే, ఫెయిలయ్యేవాణ్ణి. వదిలెయ్.

ఇంతా చెప్పానని జెన్ ఎడ్ అంటే ప్రేమ పుట్టిందనుకోకు. ఒక కోర్సుకి ఒకే పెట్టె అనే రూలు తిక్క రూలే. ఏ కోర్సు కళో తేల్చేది ఒక జాబితా కావడం ఇంకా తిక్క. ఆ సినిమా చరిత్ర క్లాసులో నేను నిద్రపోయినా పెట్టె పచ్చబడింది, ఈ సంగతి ఏ ఆడిట్‌లోనూ రాదు. కానీ పెట్టె ఖాళీగా లేకపోతే ఆ గదిలోకి చచ్చినా వెళ్ళేవాణ్ణి కాదు. ఈ రెండూ నాకు ఒకదాంతో ఒకటి అతకట్లేదు. ఆలోచించి రాస్తా.

ఇప్పుడు నేనెక్కడున్నానో చెప్పలేదు కదూ? ఆవం గది బయట బల్ల మీద. లోపల నా ఆఖరి పని ఉంది. నిన్న దాదాపు 1000 డిగ్రీల దాకా కాలింది, రాత్రంతా చల్లారింది. మార్కులు దాని మీదే. ఏం చేశానో ఊహించు. గుండె! నాలుగు గదుల కుండ. నీ పదో తరగతి బొమ్మే మనసులో పెట్టుకుని చేశాను. ఎడమ జఠరిక గోడ మందంగా ఉండాలని గొంతు చించుకునేవాడివి కదా, మందంగానే పెట్టాను. పెట్టాక భయమేసింది. మందమంటే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు! రంగు పుయ్యడానికి టైం లేకుండా పోయినా సరేనని మూడు వారాలు ఆరబెట్టాను. రోజూ వెళ్ళి చెంపకి ఆనించి చూసేవాణ్ణి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. తాత నవ్వేవాడు.

నర్సింగ్ అమ్మాయి ఈ వేళే స్టాటిస్టిక్స్ పరీక్ష రాస్తోంది. పదకొండింటికి అయిపోతుంది.

నా పాత రికార్డు మీ ఇంట్లోనే ఉండాలి, అటక మీద వెతుకు. కుండ ఉన్న పేజీ ఫోటో తీసి పంపు. పక్కన పెట్టి చూపిస్తానని మేడమ్‌కి మాటిచ్చాను, ఇది బాగుంటే, అంటే అసలు ఉంటే.

మేడమ్ చేతికి గ్లోవ్స్ వేసుకుంటోంది. మూత తీస్తున్నారు. ఉంటా

కుండ