బుజ్జమ్మకు, జోకరు ముక్క గురించి

గుణుపురం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న శివరాత్రి జాగారంలో రమ్మీ ఆడుతూ నువ్వొక మాట అడిగావు. "రాజు, రాణి సరే నాన్నా, ఈ గంటల టోపీవాడు కట్టలోకి ఎలా వచ్చాడు?" అని. తెలియదన్నాను. అప్పటినుంచి అది మనసులోనే ఉండిపోయింది. పొలం నుంచి వచ్చాక రోజూ కాస్త కాస్త వెతికి చదివాను.

రాజుగారి కొలువులో నవ్వించేవాడే పేకలోకి వచ్చాడని నేనూ అనుకునేవాణ్ణి. కాదట. జోకరు పుట్టింది అమెరికాలో, 1860ల్లో. అప్పటికే ఐరోపాలో పేక మొదలై దాదాపు 500 ఏళ్లు. అంటే కట్టలో అందరికన్నా చిన్నవాడు వీడే.

అక్కడ యూకర్ అనే ఆట ఉండేది. అందులో తురుపు జాకీదే పెత్తనం. ఇస్పేటు తురుపైతే ఇస్పేటు జాకీ అన్నిటికన్నా పెద్దది, దాని తర్వాత కళావరు జాకీ. ఆసూ, రాజూ వాటి కిందే. ఆ రెండు జాకీలనూ బవర్లు అనేవారు. అది జర్మన్ మాట నుంచి వచ్చింది. దానికి అర్థం ఏమిటో తెలుసా తల్లీ? రైతు.

అది చదివి ఫోను పక్కన పెట్టేసి చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. రాజు మీద రైతు గెలిచే ఆట ఒకటి ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. మన పర్లాకిమిడి గంజపా చూశావుగా, గుడ్డకు చింతపిక్కల జిగురు పట్టించి రంగులు వేసే గుండ్రటి ముక్కలు. దశావతారాల గంజపాలో పది రంగులు, మొత్తం 120 ముక్కలు. ప్రతి రంగుకీ పైన రాజు, ఆ తర్వాత మంత్రి. వాళ్లను దాటే మూడోవాడు అందులో లేడు. గంజపా అంటే నాకు ప్రాణమే, కానీ ఈ రైతు ముక్క సంగతి వేరు.

ఆ ఇద్దరు రైతుల్నీ కొట్టే ముక్క ఇంకొకటి ఉంటే బాగుంటుందని కొత్తగా ఒకటి చేర్చారు. 1863 ప్రాంతంలో శామ్యూల్ హార్ట్ అనే ఆయన దాన్ని 'ఇంపీరియల్ బవర్' పేరుతో అచ్చు వేశాడు. అదే జోకరు. యూకర్ పేరే నోట్లో నలిగి జోకర్ అయిందని ఎక్కువమంది చెబుతారు. పేరు స్థిరపడ్డాక ఆ పేరుకు తగ్గట్టు టోపీ, గంటలు తొడిగారు. అంటే ఆ వేషం కింద ఉన్నది రైతే!

తర్వాత పోకర్‌లోకి, రమ్మీలోకి వచ్చేసరికి పెత్తనం పోయి సాయం మిగిలింది. ఏ ముక్క తక్కువైతే ఆ ముక్కగా నిలబడుతుంది. కట్ జోకరు సంగతి నీకు తెలిసిందే, ఆట మొదట్లో కట్టలోంచి తీసిన ముక్క ఏడైతే ఆ ఆటకి ఏడులన్నీ జోకర్లే. అయినా జోకరు కలవని సీక్వెన్సు, అంటే ఒకే రంగులో వరసగా ఉన్న ముక్కల జట్టు, ఒకటి చేతిలో లేకపోతే ఎన్ని జోకర్లున్నా షో చెప్పి ఆట ముగించలేవు. మామ్మ నాకు మొదట నేర్పింది అదే. డబ్బు పెట్టి ఆడనిచ్చేది కాదు. చింతపిక్కలే లెక్క.

మామ్మ కట్టలో ఒక జోకరు మీద పెన్నుతో 'క 7' అని రాసి ఉంటుంది, గుర్తుందా? నా చిన్నప్పుడు నౌపడ వెళ్లే రైల్లో ఆడుతుంటే కళావరు ఏడు కిటికీలోంచి ఎగిరిపోయింది. నేను ఏడుస్తుంటే మామ్మ జోకరు తీసి దాని మీద అలా రాసి, "ఇదిగో నీ ఏడు, ఆడు" అంది. రమ్మీలో దాన్ని జోకరుగా ఎవరం వాడం, కళావరు ఏడుగానే వాడతాం. మామ్మ చేతిరాత మన ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు.

దాన్ని ఈ కవరులో పెట్టి నీకు పంపుదామనుకున్నాను. కానీ అది తీస్తే మామ్మ కట్టకి మళ్లీ ఏడు ఉండదు. అందుకే ఇక్కడే ఉంచాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండో కట్ట నువ్వు తీసుకురా. మన పాత రెండో కట్ట ముక్కలన్నీ మెత్తబడిపోయాయి, కలపడానికి రావడం లేదు.

నాన్న